కేంబ్రిడ్జి ఆంగ్లశాఖ: పేరు చెప్పని పద్యము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగము)



ఒక పల్లెటూరిలో ఇరువదియైదు వత్సరములు పుస్తకముల బీరువా ప్రతిదినము తెరచుచు మూయుచు నుండుట స్వల్పకార్యము కాదు. అట్టి బీరువా యెదుట నిలిచి, సీమలోని యొక విశ్వవిద్యాలయపు ఆంగ్లశాఖను గూర్చి ప్రసంగించుట యేల యని కొందరికి తోచవచ్చును. ఆ శాఖ వారు పెట్టుకొన్న ప్రశ్న ఈ బీరువా ముందు నిలుచువారందరి ప్రశ్నయే యగుటచే ఈ విషయ మెన్నుకొనబడినది. పుస్తకము చేతికి వచ్చినది సరే; చదువుట యనగా నేమి? అక్షరములు కూడబలుకుకొనుటయా, కథ తెలిసికొనుటయా, కవిని పొగడుటయా, లేక మరియొకటియా? ఈ ప్రశ్నను పట్టుకొని కేంబ్రిడ్జి పండితులు ఏబదియేండ్లు తర్కించిరి, తగవులాడిరి, కొందరు బ్రతుకులనే దానికి ధారపోసిరి.

ముందుగా పూర్వస్థితి. పందొమ్మిదవ శతాబ్దములో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విద్యాపీఠములలో గ్రీకు, లాటిను భాషలకే పీటము. తల్లిభాషలోని కావ్యములు భోజనానంతరము పడకకుర్చీలో చదువుకొనదగినవే కాని, పరీక్షకు పనికివచ్చునవి కావని పెద్దల యభిప్రాయము. సంస్కృత పండితుల యెదుట తెలుగు కావ్యము చాలకాలము చేతులు కట్టుకొని నిలిచిన సంగతి మన మెరుగనిది కాదు. లండనులోని యూనివర్సిటీ కళాశాల 1828లోనే ఆంగ్ల సాహిత్యమున కాచార్యుని నియమించినను, కేంబ్రిడ్జిలో ఆ సాహిత్యము ఆధునిక భాషల పరీక్షలో ఒక మూల నొదిగి యుండెను. ఇందొక వింత గలదు. 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయమున మన బిడ్డలు ఆంగ్ల కావ్యములను వల్లెవేసి పరీక్షలు వ్రాయుచుండగా, ఆ కావ్యములు పుట్టిన దేశమున కేంబ్రిడ్జి విద్యార్థికి అందులకై ప్రత్యేకమగు పట్టపరీక్ష యరువదియేండ్ల కాలము లేకపోయెను. పాలితులకు నేర్పవలసిన విద్య పాలకులకు వారసత్వముగా నబ్బునని కాబోలు వారు తలచిరి.

ఇరువదవ శతాబ్దారంభమున హార్మ్స్‌వర్తు అను పత్రికాధిపతి, ఏడవ ఎడ్వర్డు రాజు పేర ఆంగ్ల సాహిత్యమున కొక ఆచార్యపీఠము నెలకొల్పుటకు ధనమిచ్చెను. ఇచ్చుచు ఒక నిబంధన పెట్టెను: ఈ పీఠమున కూర్చుండువాడు శబ్దవ్యుత్పత్తులను గాక, సాహిత్యమును సాహిత్యముగా విమర్శించుచు బోధింపవలెను. 1911లో మొదటి ఆచార్యుడైన వెరాలు మరుసటి యేడే గతించెను. 1912లో ఆ పీఠమును క్విల్లర్-కౌచి యధిష్ఠించెను. పేరు పలుకుట కష్టమని కాబోలు లోకమంతయు నాతనిని మొదటి యక్షరముతో "క్యూ" అనియే పిలిచెను. ఆతడు నవలలు వ్రాసినవాడు, 1900లో ఆక్స్‌ఫర్డు వారి కొరకు ఆంగ్ల పద్యసంకలనము కూర్చినవాడు. ఉపన్యాసమునకు పెండ్లికి వచ్చినట్లు దుస్తులు ధరించి వచ్చెడివాడు. సెలవు రాగానే కార్న్‌వాల్ ప్రాంతమున సముద్రపుటొడ్డునున్న తన యూరికి వెడలిపోయెడివాడు. గొప్ప శాస్త్రకారుడు కాడు. కాని కావ్యము చదివి యానందింపవచ్చునని, ఆ యానందమునకు సిగ్గుపడనక్కరలేదని ఆ పండితులమధ్య నిలిచి చెప్పగల ధైర్య మాతనికి గలదు.

1917లో, మొదటి ప్రపంచయుద్ధము భీకరముగా సాగుచుండగా, ఆంగ్లమునకు ప్రత్యేక పట్టపరీక్ష యేర్పడెను. దానిని వారు "ట్రైపాసు" అందురు. దానికై పాటుపడిన వారిలో మిక్కిలి మెచ్చదగినవాడు చాడ్విక్ అను ప్రాచీనాంగ్ల పండితుడు. వేయియేండ్లనాటి ఆంగ్లము ఆతని శాస్త్రము. దానిని విద్యార్థులందరికి నిర్బంధము చేసియుండిన ఆతని తరగతి యెన్నటికి నిండియుండెడిది. కాని యిష్టములేని వానిచే చదివించిన శాస్త్రము శాస్త్రముగా మిగులదని తలచి, తన విషయము నిర్బంధము కారాదని ఆతడే వాదించెను. తన పొలమునకు వచ్చు నీటి వాటాను తానే తగ్గించి వ్రాయించిన రైతును ఎవరైన చూచిరా? ఆంగ్లశాఖ పుట్టుక యట్టి యొక పెద్దమనసుతో జరిగినది.

శాఖ పుట్టినది, చెప్పువారు లేరు. క్లేరు కళాశాలలో ఫోర్బ్సు అను చరిత్రోపాధ్యాయుడుండెను. 1919లో ఒకనాడు ఐ.ఏ. రిచర్డ్సు అను యువకుడు ఆతని యొద్దకు వచ్చెను. రిచర్డ్సునకు పర్వతారోహణ మన్న ప్రాణము. స్కాట్లాండు దీవులలో కొండలెక్కు వారికి దారి చూపెడి కొలువు సంపాదింపదలచి, పరిచయపు ఉత్తరములకై వచ్చెను. మాటలలో వర్డ్స్‌వర్తు కవి ప్రసక్తి వచ్చినది. రెండు గంటలు గడచునప్పటికి కొండల ఊసు పోయి, ఆ యువకుడు ఆంగ్లశాఖలో ఉపన్యాసకుడయ్యెనని చెప్పుదురు. జీతము మాత్రము లేదు. ఆరుసార్లు వచ్చి విన్న ప్రతి విద్యార్థి నుండి తలకు 15 షిల్లింగులు వసూలు చేసికొనుట కనుమతి! వినువారు రాకున్న నాటి తిండికి మొగము వాచవలసినదే. ఇట్టి యేర్పాటు మరికొన్ని విద్యాలయములలో నుండిన ఎన్ని ఉపన్యాసములు ఆగిపోవునో!

ఆ రిచర్డ్సు చేసిన పరీక్షయే ఈ ప్రసంగమునకు ముఖ్యవిషయము. ఆతడు కొన్ని పద్యములను అచ్చొత్తించి, కవి పేరుగాని, కాలముగాని తెలుపక విద్యార్థులకు పంచిపెట్టెను. వారము దినములు గడువు. ఎన్నిసార్లు చదివితిరో, మీకేమి తోచినదో, బాగున్నదో లేదో, ఎందుచేతనో వ్రాసి తెండు. మీ పేర్లు వ్రాయనక్కరలేదు అనెను. మరువారము ఆ కాగితములను పెట్టుకొని, పద్యములను గూర్చియు, వారు వ్రాసిన దానిని గూర్చియు ఉపన్యసించెను. ఇట్లు కొన్ని యేండ్లు చేసి, పదుమూడు పద్యములకు వచ్చిన సమాధానములను 1929లో గ్రంథముగా వెలువరించెను.

ఫలితము చూచి విద్యాలోకము నిర్విణ్ణమయ్యెను. వ్రాసినవారు సామాన్యులు కారు. దేశములోని మేటి పాఠశాలల నుండి వచ్చి, సాహిత్యమే ప్రధానముగా చదువుచున్న వారు. వారిలో ననేకులకు పద్యపు సూటి యర్థమే తెలియలేదు. ఎవరు ఎవరితో పలుకుచున్నారో గ్రహింపలేకపోయిరి. మహాకవియగు డన్ వ్రాసిన పద్యము పెక్కురకు రుచింపలేదు. పుస్తకములలో పేరు కనబడగానే తలవంచి మ్రొక్కెడి వారే, పేరు తీసివేయగానే నోరు పారవేసికొనిరి. లాంగ్‌ఫెలో పద్యమొకటి అందరికంటె నెక్కువ చీవాట్లు తినెను. పెద్దగా పేరులేని యొకాతని పద్యమునకు మెప్పు దండిగా లభించెను.

రిచర్డ్సు వారిని ఎగతాళి చేయలేదు. ఎక్కడ అడుగు తప్పుచున్నదో లెక్క తీసెను. ఆతడు చెప్పిన దోషములను మన పరిభాషలో నిట్లు చెప్పుకొనవచ్చును. వర్షమును వర్ణించు పద్యము చదువుచు, తన చేను మునిగిన దినమును తలచుకొని కంటతడి పెట్టి, పద్యము గొప్పదనుకొనుట. తల్లి యన్న మాట వినబడగానే కవి యేమనెనో చూడక మనసు కరగిపోవుట. శైవుడు వైష్ణవ కావ్యమును చేతబట్టి, కవిత్వమును విడిచి మతముతో పోరాడుట. యతిప్రాసలు కుదిరినవి గనుక పద్యము మంచిదనుట, కుదరలేదు గనుక చెడ్డదనుట. కన్నీరు వచ్చునేమోయని భయపడి గుండె బిగబట్టుకొనుట. ఇందులో ఏ దోషము మన యూరిలో లేదు? పురాణకాలక్షేపమున ఘట్టము రాకమునుపే నిట్టూర్చువారిని చూచుచునే యున్నాము.

కావ్యము చదువుట యనగా దస్తావేజు చదువుట వంటిదే యని ఈ పరీక్ష తెలుపుచున్నది. దస్తావేజులో తూర్పునకు కాలువ యనుటకు మారు కాలువ గట్టు అని యున్నచో, హద్దు మారును, వ్యాజ్యము పుట్టును. పొలమును గూర్చిన కాగితమును నాలుగుసార్లు చదివి, సందేహమున్న పక్కవానిచే చదివించి వినువాడే, కావ్యము దగ్గరకు వచ్చుసరికి "ఆహా" యని పుట త్రిప్పివేయును. ఇది న్యాయము కాదు.

ఈ మార్గమున మరింత ముందునకు పోయినవాడు రిచర్డ్సు శిష్యుడు ఎంప్సన్. మొదట గణితము చదివి తరువాత సాహిత్యమునకు వచ్చినవాడు. ఒక పద్యములో ఒక్క మాటకు ఎన్ని యర్థములు ఏకకాలమున పలుకునో చూపగలనని గురువునకు చెప్పి వెడలి, రెండు వారములలో ముప్పదివేల మాటల వ్రాతకట్టతో తిరిగి వచ్చెనట. అదియే పెరిగి 1930లో అర్థసందిగ్ధతలోని ఏడు విధములను గూర్చిన గ్రంథమయ్యెను. నాటికి ఆతనికి ఇరువదినాలుగేండ్లు. ధ్వనిని, శ్లేషను ఎరిగిన మనకిది సర్వథా క్రొత్త కాదు. ఒకే కావ్యమున రామకథను, భారతకథను నడపిన పింగళి సూరనార్యుడు మనవాడే. ఐనను మన లాక్షణికులు విభాగములు చేసి పేర్లు పెట్టుటలో చూపిన నేర్పును, ఒక్కొక్క పద్యము నెదుట పెట్టుకొని తర్కించుటలో అంతగా చూపలేదేమో యని తోచును. పండితులు క్షమింతురుగాక.

ఎంప్సన్ కథలో గ్రంథాలయమున కుపకరించు ఘట్టమొకటి గలదు. నడవడికి సంబంధించిన యొక విషయము బయటపడగా ఆతని కళాశాల 1929లో ఆతని పేరు కొట్టివేసెను. ఆతడు తూర్పుదేశములకు పోయి, మొదట జపానులోను, 1937 నుండి చైనాలోను ఉపాధ్యాయుడయ్యెను. చైనాకు చేరుసరికి జపాను సేనలు పెకింగును పట్టుకొనెను. అచ్చటి విశ్వవిద్యాలయములు గురుశిష్యులతో గూడ తరలిపోయి, మొదట నన్‌యుయె కొండలలోను, పిమ్మట కున్‌మింగు నగరమునను పాఠములు సాగించెను. గ్రంథాలయములు వెనుకబడిపోయినవి. పుస్తకములు లేవు. ఎంప్సన్ తనకు నోటికి వచ్చిన ఆంగ్ల కావ్యములను జ్ఞాపకము నుండియే వ్రాసియిచ్చి పాఠము చెప్పెను. వేదమును గొంతులలో దాచుకొన్న దేశస్థులకు ఈ పని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. పేరు కొట్టివేసిన ఆ కళాశాలయే యేబదియేండ్ల తరువాత, 1979లో, ఆతనికి గౌరవసభ్యత్వ మిచ్చెను.

ఇక ఆంగ్లశాఖలో ఆరని నిప్పువంటి వాడు ఎఫ్.ఆర్. లీవిస్. 1895లో కేంబ్రిడ్జి ఊరిలోనే పుట్టెను. తండ్రికి పియానోల దుకాణము. యుద్ధములో ఆయుధము పట్టనొల్లక గాయపడిన వారిని మోయు దళమున చేరి, మిల్టను కావ్యములను జేబులో పెట్టుకొని తిరిగెను. వచ్చి చదువు ముగించి, 1926లో పాఠము కొరకు జాయిస్ వ్రాసిన "యులిసీజ్" నవల ప్రతి నొకదానిని తెప్పింపగోరెను. అది నాడు ఇంగ్లండులో నిషిద్ధగ్రంథము. పుస్తకముల వర్తకుడు అనుమతి కోరగా ప్రభుత్వము ఉలికిపడి వైస్ ఛాన్సలరునకు లేఖ వ్రాసెను. లీవిస్‌ను పిలిపించి అడిగిరి. ఆతడు దాగుడుమూతలు లేక సమాధానము చెప్పెను. ఒక పుస్తకము చదువదగునో లేదో ఎవరు నిర్ణయింపవలెను, చదివినవాడా, చదువని యధికారియా యనునది ఆనాటి తగవు. గ్రంథాలయములు నడపువారికి ఇది నేటికిని తీరని తగవే.

తీర్పు చెప్పుటను గూర్చి లీవిస్‌కొక దృఢాభిప్రాయముండెను. కావ్యమును గూర్చి ఒకడు తన తీర్పు చెప్పుట యనగా ఎదుటివానిని "ఇది యిట్లే కదా?" యని యడుగుటయే. ఎదుటివాడు తలయూపి యూరకుండరాదు. ఔను గాని, యని తన సవరణ చెప్పవలెను. ఇట్లు పలువురు కలిసి కావ్యమునకు విలువ కట్టుదురే గాని, ఏ యొక్కని సొంత ముద్రయు చెల్లదు. రచ్చబండ మీద పదిమంది కూర్చుండి మధ్యస్థము తీర్చినట్లుండవలెనన్న మాట. ఆచరణలో మాత్రము లీవిస్‌కు "ఔను గాని" యనువారు రుచింపలేదని ఎరిగినవారు చెప్పుదురు! శిష్యులు గురువు తీర్పులనే వల్లించుటకు మొదలిడిరి. 1948లో ఆంగ్ల నవల యొక్క ఘనసంప్రదాయమును గూర్చి గ్రంథము వ్రాసి, డికెన్సును గుమ్మము బయట నిలిపి, ఒక్క నవలకు మాత్రమే లోపల చోటిచ్చెను. 1970లో భార్యయు తానును కలిసి అదే డికెన్సును మహానవలాకారుడని పొగడుచు పుస్తకము వెలువరించిరి. మనసు మారుట తప్పు కాదు. మారినదని ఒప్పుకొనియుండిన ఇంకను బాగుండెడిది.

1932లో లీవిస్, ఆతని మిత్రులు "స్క్రూటినీ" అను పత్రికను స్థాపించిరి. వ్రాసినవారికి ఒక్క కాసు ఇచ్చుట లేదు. ధనికుల అండ లేదు. విశ్వవిద్యాలయపు ప్రాపు లేదు. ఇరువదియొక్క సంవత్సరములు నడచి 1953లో ఆగిపోయెను. ఆగిన పదేండ్లకు, 1963లో, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ ముద్రణశాల వారే దానిని ఇరువది సంపుటములుగా మరల అచ్చువేసిరి. చందాలు రాక, అచ్చుకూలి తీర్చలేక మూతపడిన మన తెలుగు పత్రికలను తలచుకొన్నవారికి ఈ లెక్క అర్థమగును. లీవిస్ డౌనింగు కళాశాలలో 1962 వరకు పనిచేసెను గాని ఆ విశ్వవిద్యాలయమున ఆచార్యపదవి ఆతనికి రానేలేదు. పదవి విరమించు సంవత్సరమున, విజ్ఞానమును సాహిత్యమును రెండు సంస్కృతులని వర్ణించిన సి.పి. స్నో పై ఆతడు చేసిన ప్రసంగము దేశమంతయు మారుమ్రోగెను. అందలి విషయము గంభీరము. వాడిన భాష మాత్రము పెద్దమనిషికి తగినది కాదు.

ఆతని భార్య క్వీనీని గూర్చి చెప్పకున్న ఈ ప్రసంగము లోపభూయిష్ఠమగును. ఆమె యూదుల బిడ్డ. అన్యమతస్థుని పెండ్లాడినందున పుట్టినిల్లు తలుపు మూసెను. 1932లో ఆమె, ఆంగ్లదేశపు సామాన్య పాఠకులు ఏమి చదువుచున్నారని పరిశోధించి గ్రంథము ప్రకటించెను. అంతకుముందు సాహిత్యపండితు లెవ్వరును దానిని అంతగా లక్ష్యము చేయలేదు. సిగరెట్ల దుకాణములలో రెండు పెన్నీల అద్దెకు పుస్తకములిచ్చు గ్రంథాలయములను ఆమె చూచెను. పేరుబడిన నవలాకారులకు ప్రశ్నలు వ్రాసి పంపెను. జనులు చౌకనవలలకు నల్లమందు వలె అలవాటుపడి మంచి రచనలను చదువుశక్తి కోల్పోవుచున్నారని నిర్ణయించెను.

ఆమె శ్రమకు నమస్కరింపవలసినదే. ఐనను ఈ నిర్ణయమును గ్రామ గ్రంథాలయము వారు మారుమాటలేక అంగీకరింపజాలరు. ఏ యూరి గ్రంథాలయమున చూచినను డిటెక్టివు నవలలకే గిరాకి. అట్టి నవలతో గుమ్మము తొక్కిన కుర్రవాడు కొన్నాళ్లకు వచన భారతము నడుగుటయు గలదు. అడుగక అక్కడనే నిలిచిపోవుటయు గలదు. మొదటి మెట్టును కూలద్రోసినచో రెండవ మెట్టున కెవ్వడు రాగలడు? ఈ విషయమున "ఔను గాని" యనుటయే ఆ దంపతులు నేర్పిన విద్యకు తగిన మర్యాద.

ఇంత చేసినను క్వీనీకి విశ్వవిద్యాలయమున స్థిరమగు ఉద్యోగ మీయరైరి. "స్క్రూటినీ" భారమున సగము, ఇంటి భారము, అనారోగ్యము ఆమె పాలబడెను. కేంబ్రిడ్జిలో స్త్రీలకు గిర్టన్ కళాశాల 1869లోను, న్యూనమ్ 1871లోను వెలసినను, విశ్వవిద్యాలయమున పూర్తి సభ్యత్వము 1948 దాక లేదు. పరీక్ష నెగ్గవచ్చును, పట్టము మాత్రము పురుషులతో సమముగా పొందరాదు! 1928 అక్టోబరులో వర్జీనియా వుల్ఫు ఈ రెండు కళాశాలలకు వచ్చి ప్రసంగించెను. ఆ ప్రసంగముల నుండి పుట్టిన గ్రంథమున, ఒక స్త్రీ విద్యాపీఠపు గ్రంథాలయము గడప తొక్కబోగా, కళాశాల సభ్యుని తోడు గాని పరిచయపత్రము గాని లేనిదే స్త్రీలకు ప్రవేశము లేదని ద్వారమునొద్ద అడ్డగింతురు. 1965లో బ్రాడ్‌బ్రూక్ అను విదుషి ఆ శాఖలో ఆచార్యపదవి నందిన మొదటి స్త్రీ యయ్యెను. సోదరీమణులు ఈ గడప తొక్కుటకు ఎవ్వరి పత్రమును అక్కరలేదు. ఐనను చందాదారుల పట్టికలో వారి పేళ్లెన్ని యున్నవో కార్యవర్గము వారు ఒకసారి లెక్కింపవలెను.

ఆంధ్రులకును ఈ కథతో సంబంధము లేకపోలేదు. కట్టమంచి రామలింగారెడ్డిగారు కేంబ్రిడ్జిలో సెయింట్ జాన్స్ కళాశాలలో చదివిరి. అప్పటికి ఆంగ్లశాఖ యింకను పుట్టలేదు. రిచర్డ్సు గ్రంథమునకు పదునైదేండ్లు ముందుగానే, 1914లో, "కవిత్వతత్త్వవిచారము" వ్రాసి, కళాపూర్ణోదయమును పట్టి పరిశీలించి, తెలుగున నూతన విమర్శకు దారితీసిరి. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము బెజవాడలో పుట్టినదియు ఆ యేడే. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు మొదటి వైస్ ఛాన్సలరయిన రెడ్డిగారి విమర్శను నాటి పండితులు ఊరక విడువలేదు; ఖండనలు వెలువడినవి. ఖండింపబడుటయే దాని భాగ్యము. మైసూరున ఆంగ్లాచార్యులైన నరసింహయ్యగారు లీవిస్ యొద్ద చదివి వచ్చి, తరువాత తాము నెలకొల్పిన విద్యాకేంద్రమునకు ఆనందవర్ధనుని గ్రంథము పేర "ధ్వన్యాలోక" యని నామకరణము చేసిరి.

చివరకు కార్యవర్గము వారికొక మనవి. రిచర్డ్సు పరీక్షకు విశ్వవిద్యాలయ మక్కరలేదు. నెలకొక శనివారమునాడు నాలుగు పద్యములు, ఒకటి పోతనది, ఒకటి తిక్కనది, ఒకటి నేటి కవిది, ఒకటి ఏ పంచాంగపు అట్టమీదిదో, పేర్లు లేక వ్రాసి పదిమందికి పంచవచ్చును. వారము గడువు. చదువురాని వారికి పక్కవారు చదివి వినిపింపవచ్చును. వారు చెప్పినది చెప్పినట్లే వ్రాయవలెను, దిద్దరాదు. మరు శనివారము అన్నియు కలిపి పైకి చదువవలెను. ఒక దస్తా కాగితములు చాలును. సంతకము లక్కరలేదు.